అవధానులు గారి ఆఖరి ముద్ద

మలిసంధ్య వృద్ధాశ్రమంలో రాత్రి భోజనం సాయంత్రం అయిదు గంటలకి. ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. సూపరింటెండెంటు సుబ్బారాయుడు గారి బస్సు అయిదూ నలభైకి కదా మరి. బస్సెక్కే ముందు ఆయన పుస్తకంలో "భోజనం ముగిసినది" అని రాసి సంతకం పెట్టాలి. ముగియని భోజనాన్ని ముగిసిందని రాసే రకం కాదాయన. నిజాయితీపరుడు. అందుకని వంటింటి కిటికీలో ఎండ ఇంకా చురుక్కుమంటూ ఉండగానే ఇరవైరెండు మంది ముసలివాళ్ళు వరసగా కూర్చుని రాత్రి భోజనం కానిచ్చేవారు. అయిదూ ఇరవైకల్లా ఒక్కరు తప్ప అందరూ చేతులు కడిగేసుకునేవారు.

మర్నాడు ఎనిమిదింటికి ఆయన బస్సు దిగి సామాన్ల గది తాళం తీస్తేగానీ ఉప్మా రవ్వ బయటికి రాదు. కాబట్టి ఫలహారం ఎనిమిదిన్నరకి. ఈ మధ్యలో ముసలి ప్రాణాలకి ఆకలేస్తుందేమో అన్న సందేహం పదకొండేళ్ళుగా ఆ ఆఫీసులో ఎవరికీ రాలేదు. వంటమనిషి వరహాలమ్మకి మాత్రం వచ్చింది. ఆవిడ ఆఫీసు మనిషి కాదు కనక వచ్చిందనుకోవాలి.

వరహాలమ్మది పదేళ్ళ వయసు నుంచీ పెళ్ళి పంక్తుల్లో వడ్డించిన చెయ్యి. ఆశ్రమం వంటింటి వెనక గదిలోనే కాపురం. ఎనిమిది గంటలవుతుండగా ఆవిడ పగలు మిగిల్చి ఉంచిన పెసలతో ఇన్ని గుగ్గిళ్ళు ఉడికించి, ఆవాలూ ఎండుమిరపకాయా తాలింపు పెట్టేది. ఆ వాసన వరండా దాటేలోపు ఎవరి గిన్నె వాళ్ళు పట్టుకుని వచ్చేసేవారు. పళ్ళు లేనివాళ్ళకి మెత్తగా మెదిపి ఇచ్చేది. నూకాలమ్మకి మాత్రం వేడివేడి పాలల్లో కాస్త అన్నం కలిపి చేతికిచ్చేది.

నూకాలమ్మకి డెబ్బైతొమ్మిదేళ్ళు. తుని సంతలో నలభై ఏళ్ళు కూరగాయలమ్మిన మనిషి, గొంతు ఇప్పటికీ సంత అవతల గట్టుకి వినిపిస్తుంది. షుగరుంది. సాయంత్రం బిళ్ళ వేసుకుని రాత్రి ఏమీ తినకపోతే తెల్లారేసరికి ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగి పడిపోతుంది. ఒకసారి పడింది కూడా. అప్పట్నుంచే వరహాలమ్మ పాలన్నం మొదలైంది. దీనికి ఏ పుస్తకంలోనూ సంతకం లేదు.

ఇలా ఉండగా పైనుంచి సర్క్యులరొకటి దిగింది. మంచి సర్క్యులరే. ఎవరో చదువుకున్న డాక్టరు చెప్పి రాయించినట్టున్నారు. సుబ్బారాయుడు గారు దాన్ని నిలబడి చదివారు.

"వయోధికుల రాత్రి భోజన సమాప్తికిని, మరునాటి ప్రాతఃకాల ఫలహార ప్రారంభమునకును నడుమ గల విరామము పద్నాలుగు గంటలు మించరాదు. మించిన పక్షమున సాయంకాల చిరుతిండి విధిగా అందజేయవలెను."

ఆయన వేళ్ళ మీద లెక్కేశారు. అయిదూ ఇరవై నుంచి ఎనిమిదిన్నర దాకా పదిహేను గంటల పది నిమిషాలు. ఆయన మొహం పాలిపోయింది. ఫలహారం ముందుకి జరపడానికి వీల్లేదు, పొద్దున్న బస్సు ఎనిమిదింటికి. భోజనం వెనక్కి జరపడానికి వీల్లేదు, సాయంత్రం బస్సు అయిదూ నలభైకి. సూర్యచంద్రుల గతులైనా మారతాయిగానీ ఈ రెండు బస్సులూ మారవు.

"దానికంత దిగులేటి బాబుగారూ?" అంది వరహాలమ్మ. "ఎనిమిదింటికి నానెలాగా నాలుగు గుగ్గిళ్ళెడతన్నాను కదా. అదే రాసీండి."

సుబ్బారాయుడు గారు ఉలిక్కిపడ్డారు. ఇన్నేళ్ళుగా తన పాలనలో సంతకం లేని తిండి ఒకటి జరుగుతోందన్నమాట!

"గుగ్గిళ్ళు చిరుతిండేనని నీకెవరు చెప్పారు? పప్పుధాన్యం కావచ్చు. కూర కావచ్చు. ప్రసాదం కూడా కావచ్చు. మనంతట మనం తేల్చుకునే విషయమా ఇది?" అని, తేల్చమంటూ పైకి రాశారు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. పూజారి ఒక్కడైతే కాళ్ళో కడుపో పట్టుకోవచ్చు, ఇక్కడ కమిటీ వేశారు. చిరుతిండి అనగానేమి, ఎంత చిరుగా ఉండవలెను, కరకరలాడునది మాత్రమే చిరుతిండియా, మెత్తనిది కూడానా అన్న విషయాలు నిగ్గు తేల్చడానికి ఏడుగురు సభ్యులు. వారు నివేదిక ఇచ్చేదాకా "గుర్తింపు లేని చిరుతిండిని ఎవరూ ఎవరికీ పెట్టరాదు" అనీ, "భోజనము ముగిసిన పిమ్మట వంటగదికి తాళము వేయవలెను" అనీ జవాబొచ్చింది. తిండి పెట్టమని వచ్చిన ఉత్తర్వుని అమలు చెయ్యడానికి ఉన్న తిండి ఆపేశారు.

ఆ సాయంత్రం సుబ్బారాయుడు గారు వంటింటికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని బస్సెక్కారు.

మూడోనాడు తెల్లవారుజామున నూకాలమ్మ కుళాయి దగ్గర చతికిలబడిపోయి కనిపించింది. జాకెట్టు తడిసి ముద్దయింది. ఆ గొంతు, సంతంతా వినిపించే ఆ గొంతు, పక్కనున్న వరహాలమ్మకే వినిపించలేదు. వరహాలమ్మ కొంగున ముడేసుకున్న బెల్లం ముక్క ఆవిడ నోట్లో పెట్టి, వీపు నిమురుతూ కూర్చుంది. వరహాలమ్మకి ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా కోపం ఎక్కువొచ్చింది.

"ఒలే, నానీపాలి పోతే సర్క్యులరొచ్చి సచ్చిందని రాత్తారేటే?" అంది నూకాలమ్మ కాస్త తెప్పరిల్లాక.

"ఊరుకో అప్పా. నీకు పాలన్నం ఎట్టకపోతే నా పేరు వరహాలే కాదు" అంది గానీ, ఎలా పెట్టాలో ఆవిడకి తెలీదు. తాళంచెవి రోజూ బస్సెక్కి వెళ్ళిపోతోంది.

ఆ రోజు సాయంత్రం ఆవిడ కోపమంతా అవధానులు గారి దగ్గర బయటపడింది. ఆయన మీద కాదు, ఆయన తరఫున. అవధానులు గారు రిటైరైన లెక్కల మాస్టారు. నోట్లో మూడే పళ్ళున్నాయి. అందులో రెండు ఒకదానికొకటి ఎదురుపడవు. ముద్దని నలభైసార్లు నమిలి, నలభై లెక్కపెట్టుకునిగానీ మింగరు. అందరూ లేచిపోయినా ఆయనొక్కరే కూర్చుని తింటూ ఉంటారు. మెజారిటీ లేచింది కనక భోజనం ముగిసినట్టేనని సుబ్బారాయుడు గారు సంతకం పెట్టబోతుంటే వరహాలమ్మ గరిటె పట్టుకుని అడ్డం నిలబడింది.

"బాబుగారూ, పంక్తిలో ఒక్క మడిసి తింటన్నా బోజనం అయిపోనట్టే. మా యమ్మ సెప్పీది. మిగిలినోళ్ళు లెగిసిపోతే ఆ పెద్దాయన నోట్లోకి ముద్దెలా దిగుద్ది?"

సుబ్బారాయుడు గారి చేతిలో కలం ఆగిపోయింది. ఆయన వరహాలమ్మ వైపు అదోలా చూశారు. తరవాత అవధానులు గారి వైపు చూశారు. ఎడారిలో నీటిచెలమ కనిపించినవాడిలా ఆయన కళ్ళు మెరిశాయి.

"అవధానులు గారూ, మీ భోజనానికి ఎంతసేపు పడుతుంది?"

"యాభైరెండు నిమిషాలు" అన్నారు అవధానులు గారు. లెక్క ఆయన దగ్గర ఎప్పుడూ ఉంటుంది.

మర్నాటి నుంచీ పంక్తి మర్యాద పునరుద్ధరించబడింది. అవధానులు గారు లేచేదాకా ఎవరూ లేవకూడదు. భోజనం అయిదూ యాభైరెండుకి ముగుస్తుంది. సంతకం సంగతంటారా, "ముగియుచున్నది" అని రాసి సుబ్బారాయుడు గారు బస్సందుకున్నారు. నిజాయితీకి భంగం కలగలేదు. విరామం పద్నాలుగు గంటల ముప్ఫై ఎనిమిది నిమిషాలకి దిగింది. ఇంకా ముప్ఫై ఎనిమిది నిమిషాలే తగ్గాలి. దానికి ములక్కాడలు దొరికాయి.

రోజూ ములక్కాడల కూర, ములక్కాడల పులుసు. మూడు పళ్ళతో ములక్కాడని జయించడం మాటలు కాదు. అవధానులు గారు ఒక్కొక్క ముక్కనీ ఎడమ దవడ నుంచి కుడి దవడకీ, కుడి దవడ నుంచి ఎడమ దవడకీ బదిలీ చేస్తుంటే మిగతా ఇరవై ఒక్కమందీ ఎంగిలిచేతులు ఎండబెట్టుకుని ఆయన నోటివంకే చూస్తూ కూర్చునేవారు. వారంలో ఆయన ఆరున్నరకి చేరుకున్నారు. పద్నాలుగు గంటలు, నిక్కచ్చిగా. సుబ్బారాయుడు గారు ఆయనకి శాలువా కప్పారు.

"పొద్దున్న నూకాలప్పకి మళ్ళీ వణుకొచ్చింది బాబుగారూ" అంది వరహాలమ్మ.

"రాదే! విరామం పద్నాలుగు గంటలే కదా?" అన్నారాయన. నిజంగానే ఆశ్చర్యపోయారు పాపం.

తన నోటిమాటే ఇంత పని చేసిందని వరహాలమ్మ నొచ్చుకుంది. అమ్మ చెప్పిన మర్యాదని వీళ్ళు ములక్కాడకి కట్టేశారు. ఆ బాధతో రెండ్రోజులు ఆవిడ కూడా సరిగ్గా తినలేదు.

కీర్తి అన్నది దాగదు కదా. ఆహార వేళల ప్రత్యేకాధికారి విశ్వపతి గారు స్వయంగా కారులో వచ్చారు. బంగారు ఫ్రేము కళ్ళద్దాలూ మెడలో స్టాప్‌వాచీ. పంక్తి ఎదురుగా కుర్చీ వేయించుకుని అవధానులు గారి భోజనం మొదటి నుంచి చివరిదాకా చూశారు. ఆఖరి ముద్ద దిగగానే వాచీ నొక్కి, లేచి నిలబడ్డారు.

"అద్భుతం! అయితే సుబ్బారాయుడు గారూ, నాదొక మౌలికమైన ప్రశ్న. ఆఖరి ముద్దే భోజనాంతమైనప్పుడు, దాన్ని ఆరున్నరకే ఎందుకు తినాలి? పద్నాలుగు గంటలతో తృప్తి పడడం అల్పసంతోషం కాదా?"

సుబ్బారాయుడు గారికి ఒళ్ళు గగుర్పొడిచింది.

"ఆ ముద్ద కంచంలోనే ఉంటుంది. మూతకింద, భద్రంగా. మర్నాడు ఎనిమిదీ ఇరవైతొమ్మిదికి భుజిస్తారు. ఎనిమిదిన్నరకి ఫలహారం. విరామం ఒక్క నిమిషం! అది మంచినీళ్ళు తాగడానికి. ఇక చిరుతిండి సమస్యే ఉత్పన్నం కాదు. దీనికి శూన్య విరామ పథకం అని నామకరణం చేస్తున్నాను."

పదిరోజుల్లో మార్గదర్శకాలొచ్చాయి. ప్రతి కంచానికీ మూత, మూత మీద పేరు. ముద్ద నిమ్మకాయంత ఉండవలెను. చీమలు పట్టకుండా కంచాన్ని నీళ్ళ పళ్ళెంలో నిలుపవలెను. అన్నిటికన్నా ముఖ్యమైనది పదకొండోది. "కుడిచేయి కడుగుకొనుట భోజన విరమణగా పరిగణింపబడును. కావున తడిగుడ్డతో తుడుచుకొనవచ్చును గాని, ఉదయము వరకు కడుగరాదు."

పథకం ప్రారంభించే రోజు మామిడాకులు కట్టారు. విశ్వపతి గారు మధ్యాహ్నమే వచ్చారు. రాత్రి తొమ్మిదింటిదాకా ఉండి, భోజనం జరుగుతూనే ఉన్నదని కళ్ళారా చూసి ధ్రువపత్రం రాయాలి. తొమ్మిదికి కారొస్తుంది. ఆయన సభలో మార్గదర్శకాలు పదకొండూ చదివి, "సందేహాలున్నాయా?" అన్నారు.

వరహాలమ్మ వెనకనుంచి లేచింది.

"నాకు సదువు రాదు బాబూ. కంచంలో ముద్ద ఉన్నంతసేపూ బోజనం అయిపోయినట్టా, అవుతన్నట్టా?"

"అవుతున్నట్టే! అదే కదమ్మా పథకం."

"రేత్రి ఎనిమిదింటికి కూడా?"

"నిస్సందేహంగా."

"మరొచ్చి నన్నెవరన్నా అడిగితే ఏటి సూపించీది? అదొక్కటీ రాసి సంతకం ఎట్టీండి."

సామాన్యురాలిలో ఇంత శ్రద్ధ చూసి విశ్వపతి గారు ముచ్చటపడ్డారు. "ఉదయం 8.29 వరకు భోజనము నిరంతరాయముగా జరుగుచున్నట్లే భావించవలెను" అని రాసి, సంతకం చేసి, ముద్ర కూడా వేసి ఇచ్చారు. వరహాలమ్మ ఆ కాగితం మడిచి, కొంగున బెల్లం ముక్క పక్కనే ముడేసుకుంది. ఆ ఉదయమే ఆవిడ మూడు శేర్లు పెసలు నానబోసింది. కూరతోపాటే ఉడికించి మూత పెట్టి ఉంచింది. ఇవాళ ఇంత వంటేమిటని సుబ్బారాయుడు గారడిగితే, వేడుకరోజు కదా అంది.

అయిదింటికి వడ్డన. అవధానులు గారు ఇంకా నములుతూనే ఉన్నారు, మిగతా అందరూ తిన్నారు. నిమ్మకాయంత ముద్దలు మిగిల్చారు. మూతలు పడ్డాయి. ఫొటోలు తీశారు. అయిదూ ముప్ఫైఅయిదుకి సుబ్బారాయుడు గారు అలవాటు చొప్పున వంటింటికి తాళం వేసి, తాళంచెవి విశ్వపతి గారి చేతిలో పెట్టి, పుస్తకంలో "భోజనం జరుగుచున్నది" అని రాసి బస్సెక్కారు. ఇంత నిశ్చింతగా ఆయన ఎప్పుడూ బస్సెక్కలేదు.

ముసలివాళ్ళు వరండాలో కంచాల ముందు కూర్చున్నారు. విశ్వపతి గారు కుర్చీలో కూర్చున్నారు. ఆరయింది, ఏడయింది. ఏడున్నరకి ఆయన కడుపులోంచి ఏదో శబ్దమొచ్చింది. ఆయన దగ్గి దాన్ని కప్పెట్టారు. నూకాలమ్మ షుగరు బిళ్ళ వేసుకుంది.

గోడ గడియారం ఎనిమిది కొట్టింది. నూకాలమ్మ మూత తీసింది. వీధి చివరి సోడా బండివాడికి కూడా వినిపించే గొంతుతో అంది.

"వరహాలూ! మారు!"

"వత్తన్నానప్పా!" అని వరహాలమ్మ గరిటె పట్టుకుని లేచి, తాళం దగ్గరికెళ్ళి ఆగిపోయి, విశ్వపతి గారి వైపు చెయ్యి చాచింది. "తాళంచెవి ఇప్పించండి బాబూ."

"ఇప్పుడా? తాళం వేశాక వంటగది తెరవకూడదు."

"బోజనం ముగిసినాక తాళమెయ్యమన్నారు. ముగిసిందేటి?"

విశ్వపతి గారు నోరు తెరిచారు. ముగిసిందంటే పథకం ముగిసినట్టే. విరామం మళ్ళీ పదిహేను గంటలు. ఫొటోలన్నీ అబద్ధాలు.

"ముగియలేదు" అన్నారు మెల్లగా.

"అయితే పంక్తిలో కూకున్న మనిసి మారడిగితే లేదనొచ్చా? మీ ఇంటికాడ అలాగే సేత్తారేటి?"

"కానీ గుర్తింపు లేని చిరుతిండి..."

"చిరుతిండెవరడిగారు? అన్నం. అన్నంలోకి నంజుకోడానికి గుగ్గిళ్ళు" అని వరహాలమ్మ కొంగు ముడి విప్పి, కాగితం తీసి, ముద్ర కనిపించేలా ఆయన కళ్ళద్దాల ముందు పట్టుకుంది.

అవధానులు గారు గొంతు సవరించుకున్నారు. "తర్కం నిర్దుష్టంగా ఉంది" అన్నారు. "నాక్కూడా మారు."

"నాకూ", "నాకూ" అని వరసంతా అందుకుంది.

తాళం ఊడింది. రెండు నిమిషాల్లో ఆవాలు చిటపటలాడాయి. నెలన్నరగా ఆ వరండా మరిచిపోయిన వాసన మళ్ళీ వచ్చింది. వరహాలమ్మ అందరి కంచాల్లోనూ గుగ్గిళ్ళు వడ్డించింది. పళ్ళు లేనివాళ్ళకి మెదిపింది. నూకాలమ్మ కంచంలో అన్నం మీద వెచ్చటి పాలు పోసి, తనే కలిపి పెట్టింది. నూకాలమ్మ మొదటి ముద్ద మింగి కళ్ళు మూసుకుంది. ఆ రెప్పల కింద నీళ్ళు కనిపించాయి. వరహాలమ్మ చూడనట్టు పక్కకి తిరిగింది.

వరస చివర ఎవరో కొత్తగా కూర్చున్నారు. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఫరవాలేదంటారు గానీ, వరహాలమ్మకి కడపంక్తి, ముందుపంక్తి అన్న తేడా లేదు. విశ్వపతి గారికి కూడా రెండు గరిటెలు వేసింది. ఆయన స్టాప్‌వాచీ తీసి పక్కన పెట్టి తిన్నారు. తరవాత మారు అడిగారు.

మర్నాడు తెల్లారుజామున కుళాయి దగ్గర నూకాలమ్మ గొంతు వినిపించి ఆశ్రమమంతా లేచి కూర్చుంది. నీళ్ళు సన్నగా వస్తున్నాయని పంచాయితీ వాళ్ళని తిడుతోంది. వరహాలమ్మ దుప్పటిలోంచే విని నవ్వుకుని, మళ్ళీ కాసేపు నిద్రపోయింది.

మలిసంధ్య ఆశ్రమానికి శూన్య విరామ పురస్కారం వచ్చింది. "ఎట్టి చిరుతిండియు లేకనే" సాధించిన విజయమని ఫలకం మీద చెక్కారు. సుబ్బారాయుడు గారు దాన్ని రోజూ తుడుస్తారు. అవధానులు గారికి ములక్కాడల నుంచి విముక్తి దొరికింది. రోజూ ఎనిమిదింటికి మారు వడ్డన జరుగుతుంది. వంటింటికి తాళం వెయ్యరు, భోజనం ముగిస్తేగా. వడ్డించే ముందు వరహాలమ్మ అందరి చేతులూ తనే కడుగుతుంది. పదకొండో మార్గదర్శకం సంగతి ఎవరైనా ఎత్తితే, "నానే కడుగుతన్నాను, ఆళ్ళు కాదు" అంటుంది.

ఏడాది తిరిగాక కమిటీ నివేదిక వచ్చింది. నాలుగొందల పేజీలు, మంచి దళసరి కాగితం. చదివేవాళ్ళు లేక వంటింటి అటకెక్కింది. ఒక వానరోజు సాయంత్రం ముసలివాళ్ళు కంచాలొద్దు, పొట్లాల్లో కట్టివ్వమని సరదా పడ్డారు. వరహాలమ్మ ఓ పేజీ చింపి, పొట్లం చుట్టి, వేడివేడి గుగ్గిళ్ళు పోసి నూకాలమ్మకిచ్చింది.

"ఏటే ఇందులో అచ్చరాలు? ఏటి రాసుంది?" అంది నూకాలమ్మ పొట్లం తిప్పి చూస్తూ.

పక్కనే ఉన్న అవధానులు గారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. "గుగ్గిళ్ళు చిరుతిండి కాదని రాశారమ్మా."

"మరేటంట?"

"అది తేల్చడానికి ఇంకో కమిటీ వెయ్యాలిట."

"ఎయ్యనీండి పాపం" అంది నూకాలమ్మ. "ఒలే వరహాలూ, ఆళ్ళు తేల్చేలోగా ఇంకో నాలుగెట్టు."